ఇంజన్ ఆపకుండా అడిగిన అనుమతి

ఆ శుక్రవారం పొద్దున టాన్ మేదో వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తమ్ముడు బెన్ పచ్చి మామిడికాయలు తెస్తాడు. తను చెక్కు తీసి, నిలువుగా ముక్కలు కోసి, ఉప్పు పట్టించి, వెల్లుల్లీ అడవి మిరపకాయలూ చిదిమి వేసి, కొబ్బరికల్లు పులిసిన వెనిగర్ పోసి జాడీలకెత్తుతుంది. పొద్దు వాలేసరికి ముక్క కారం పట్టుకుంటుంది. జపమాల ముగించుకుని జనం బల్ల దగ్గరికి వచ్చేసరికి ఎర్రన్నానికీ కాల్చిన పందిమాంసానికీ మధ్య, అమ్మ ఫొటోకి ఎదురుగా, ఆ ఊరగాయ గిన్నె ఉంటుంది.

వాళ్ళమ్మ టాన్ కోలా పోయి ఏడాదైంది. (పెద్దవాళ్ళ పేరు ముందు, ఆడవాళ్ళకైతే టాన్ అనీ మగవాళ్ళకైతే టున్ అనీ గౌరవంగా చేరుస్తాం.) పోయినవాళ్ళ కోసం తొమ్మిది సాయంత్రాలు చెప్పుకునే ఏడాది జపమాలకి ఆవేళ ఆఖరి సాయంత్రం. మా గ్వామ్ దీవిలో చావుకి ఎంతమంది వస్తారో ఏడాదికీ అంతమందే వస్తారు, కాకపోతే ఈసారి కాస్త ఆకలితో వస్తారు. కానీ మేదో దిగులు అన్నం గురించి కాదు. పోయేముందు ముసలమ్మ ఒక్కటే అడిగింది. తను పుట్టిన చోట ఉన్న మామిడిచెట్టు కాయ, పచ్చిది, కారంగా ఊరబెట్టి ఒక్క ముక్క. ఆ చెట్టు కొన మేదో వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. మధ్యలో అమెరికా సైనిక స్థావరం కంచె ఉంది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక ఆ నేలంతా కంచె లోపలికి పోయింది. పిల్లగా ఉన్నప్పుడు బయటికొచ్చిన కోలా తొంభై దగ్గరపడేదాకా బయటే ఉండిపోయింది.

ఆ ముక్క తినకుండానే పోయింది. "నీ ఏడాది జపమాలకి నీ చెట్టు కాయే బల్ల మీద పెడతానమ్మా" అని మేదో శవపేటిక మీద చెయ్యి వేసి ఏడుస్తూ చెప్పింది. ఆ మాట విన్నవాళ్ళంతా సాయంత్రం భోజనానికి వస్తున్నారు.

బెన్ బస్తాతో వచ్చేసరికి ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. బెన్‌కి కంచె లోపల గడ్డి కోసే ఉద్యోగం. ఎన్నాళ్ళుగా బతిమాలినా "పట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందక్కా" అని తప్పించుకుంటూ వచ్చినవాడు ఆఖరికి మెత్తబడ్డాడు.

"ఇదిగో నీ కాయలు. చెట్టు విరగకాసింది. కోసేవాడు లేడు, తినేవాడు లేడు" అన్నాడు బస్తా దించుతూ.

మేదో బస్తా ముట్టుకోలేదు. "అడిగావా?" అంది.

ఎవరిని అడగాలో ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. పాత చోట్లలో ఆకు తుంచినా కాయ కోసినా, ఎప్పుడో చనిపోయి ఆ చోటినే కనిపెట్టుకుని ఉన్న పెద్దలని ముందు అడగాలి. "అవ్వా, తాతా, మీ మనవలం, నాలుగు కాయలు కోసుకుంటాం, మన్నించండి" అనాలి. అడక్కుండా ముట్టుకున్నవాళ్ళ ఒళ్ళు వాచిపోతుంది.

"అడిగానే" అన్నాడు బెన్.

"నిలబడి అడిగావా?"

బెన్ తల గోక్కున్నాడు. "బండి మీద కూర్చునే అడిగాననుకో."

"గడ్డి కోసే బండి మీదా? ఇంజన్ ఆపావా?"

"ఆపితే అది మళ్ళీ కదలదక్కా. దాని సంగతి నీకు తెలీదు. అందుకే గట్టిగా అరిచి అడిగాను."

"చెవులకి డిప్పలున్నాయా?"

"ఉన్నాయి. తీస్తే మేస్త్రీ ఊరుకోడు."

"అంటే వాళ్ళు వద్దన్నా నీకు వినబడదు!"

"వద్దని ఎందుకంటారే? సొంత మనవణ్ణి!"

మేదోకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ బస్తాలోంచి కాయల వాసన వస్తోంది, గోడ గడియారం నడుస్తోంది, అమ్మ ఫొటోలోంచి చూస్తోంది. మళ్ళీ వెళ్ళి అడిగి రమ్మంటే ముక్క ఊరే వేళ మించిపోతుంది. ఆమె గుమ్మంలోనే కళ్ళు మూసుకుని, తమ్ముడి తరఫున తను మన్నింపు అడిగేసి, బస్తా లోపలికి ఈడ్చింది.

పెళ్ళైనప్పటి నుంచీ మొగుడు టున్ కిన్ ఒక్క మామిడికాయ చెక్కు తీసిన పాపాన పోలేదు. మామిడికాయల రోజు వచ్చిందంటే అతనికి పడవకి రంగు వెయ్యడమో, కోళ్ళగూడు బాగుచెయ్యడమో గుర్తొస్తుంది. ఈసారి మేదో కోళ్ళగూడు దగ్గరే పట్టుకుని కత్తి చేతికిచ్చింది. కిన్ కూర్చున్నాడు, చెక్కు తీశాడు, అదే చేత్తో చెమట తుడుచుకున్నాడు, ముక్కు గోక్కున్నాడు, ఊరుతున్న ముక్కలు పెళ్ళాం చూడకుండా ఒక్కొక్కటి నోట్లో వేసుకున్నాడు. ఉప్పు సరిపోయిందో లేదోనని మేదో కూడా ఒక ముక్క కొరికింది. పుల్లగా, కరకరలాడుతూ, నాలుక అదిరిపోయేంత కారంగా ఉంది. ఆమెకి ఏడుపొచ్చింది. ఈ ముక్కే కదా అడిగింది, బతికుండగా పెట్టలేకపోయాను అనుకుంది.

మధ్యాహ్నం జాడీలు తుడుస్తూ తలెత్తి చూస్తే ఎదురుగా ఉన్నది తన మొగుడని పోల్చుకోవడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది. బుగ్గలు పొంగి కళ్ళని మింగేశాయి. పై పెదవి ముక్కుని తాకుతోంది.

"సొన అంటిందే, అంతే" అన్నాడు కిన్. పెదాలు కదలక ఆ మాట ఎవరో గోడ అవతలి నుంచి అన్నట్టు వినబడింది.

"సొన అందరికీ అంటుతుంది. నేను చిన్నప్పటి నుంచీ కోస్తున్నాను, నాకేం కాలేదే?"

"నేనెప్పుడూ కొయ్యలేదుగా."

"మాట్లాడకు. మాట్లాడితే ఇంకా వాస్తోంది."

బెన్ మెల్లగా లేచి గుమ్మం వైపు నడుస్తుంటే మేదో వాడి చొక్కా పట్టుకుని టాన్ ఎంగ్రాని తీసుకురమ్మని పంపింది.

టాన్ ఎంగ్రా ఆకు వైద్యం చేస్తుంది. ఊళ్ళో జపమాలలన్నీ ఆవిడే నడిపిస్తుంది. ఈ రెంటికంటే ఆవిడ ముఖ్యంగా భావించేది తన పచ్చి బొప్పాయి ఊరగాయని. ఎవరింట విందు జరిగినా బల్ల మీద ఆవిడ బొప్పాయి ఒక పక్కా, మేదో మామిడి ఒక పక్కా ఉంటాయి. ఏ గిన్నె ముందు ఖాళీ అయిందో ఇద్దరూ చూడనట్టు చూస్తారు.

ఎంగ్రా వచ్చి కిన్ బుగ్గలు నొక్కింది, వాసన చూసింది, మెడ తడిమింది. బెన్ చేత జరిగినదంతా మళ్ళీ చెప్పించుకుంది. ఇంజన్ దగ్గరికి వచ్చేసరికి చెంపలు వేసుకుంది. "ఎంత కోపంగా ఉన్నారో చూడాలి, ఒక ముక్క ఇలా ఇవ్వు తల్లీ" అంది. కళ్ళు మూసుకుని నెమ్మదిగా నమిలింది. ఇంకో ముక్క అడిగింది.

"చాలా కోపంగా ఉన్నారు" అంది చివరికి. "వెనిగర్ కూడా కాస్త తక్కువైంది."

"ఏం చెయ్యమంటావు?"

"కాయలన్నీ చెట్టు దగ్గరికి చేరాలి. ఒక్క ముక్క ఇంట్లో ఉండకూడదు, ఒక్క ముక్క ఇంకెవరి నోట్లోకీ పోకూడదు. పొద్దు వాలేలోగా. లేదంటే ఈ వాపు గొంతుకి దిగుతుంది."

"ఊరబెట్టేశాను కదా టాన్ ఎంగ్రా!"

"ఊరబెట్టినవే పంపు. వాళ్ళకీ పళ్ళు లేవుగా, మెత్తబడ్డవైతే మేలే."

"మరి బల్ల మీద అమ్మకేం పెట్టను?"

ఎంగ్రా చేతిరుమాలు సర్దుకుంది. "నా బొప్పాయి ఉందిగా."

ఇది వైద్యమా, బల్ల మీద పక్క గిన్నె లేకుండా చేసే ఎత్తా అన్న అనుమానం మేదోకి వచ్చింది. వచ్చినా పైకి అనే ధైర్యం లేదు, ఎదురుగా మొగుడు మొహం అలా ఉంది.

"ఈ ఒక్కరోజుకీ నా మొహం ఇలాగే ఉండనియ్యవే" అన్నాడు కిన్. "అమ్మకి మాటిచ్చావు. రేపు పంపుదాం."

మేదో నేల మీద చతికిలబడింది. ఏడాదిగా దాచుకున్న ఏడుపు కాస్త బయటికొచ్చింది. తర్వాత ముక్కు చీదుకుని లేచింది. "అమ్మ పోనే పోయింది. నిన్ను కూడా పంపించి ఆ బల్ల ఎవరికోసం సర్దుకోను?" అంటూ జాడీలకి తువ్వాళ్ళు చుట్టడం మొదలుపెట్టింది.

జాడీలు కారులో పెట్టుకుని బెన్ తను రోజూ వెళ్ళే గేటుకే బయల్దేరాడు. రోజూ చూసే కాపలావాడైతే చెయ్యి ఊపి పంపేసేవాడు. ఆ సాయంత్రం అక్కడ నిలబడినవాడు దీవికి కొత్త. కారు వెనక తలుపు తెరవమన్నాడు. తువ్వాళ్ళలో చుట్టిన జాడీలు కనబడ్డాయి. ఒకటి కారుతోంది. మబ్బుగా ఉన్న నీళ్ళలో ఎర్రటివేవో తేలుతున్నాయి, ఘాటుకి వాడి కళ్ళు మండాయి.

"ఏమిటివి?"

కాయలు దొంగిలించానని తెలిస్తే ఉద్యోగం పోతుందని బెన్‌కి భయం. "నావి కాదండి" అన్నాడు.

"ఎవరివి?"

"పెద్దలవండి."

"ఏ పెద్దలు? పేర్లు చెప్పు."

"పేర్లు తెలీవండి. పోయి చాలా కాలమైంది."

"మరి ఎవరికివ్వడానికి తీసుకెళ్తున్నావు?"

"వాళ్ళకేనండి. లోపలే ఉంటారు."

"లోపలికి ఎలా వచ్చారు?"

"వాళ్ళు రాలేదండి. కంచే వచ్చింది."

కాపలావాడు ఒకడుగు వెనక్కి వేశాడు. "ఇవ్వకపోతే ఏమవుతుంది?"

"పొద్దు వాలేలోగా ఇవ్వకపోతే గొంతుకి దిగుతుందండి" అన్నాడు బెన్. వాడు చెప్పినదాంట్లో అబద్ధమన్నది ఒక్క ముక్క లేదు.

గేటు మూసేశారు. గేటు ముందున్న రోడ్డూ మూసేశారు. ఊళ్ళోంచి మేదో ఇంటికి వెళ్ళే రోడ్డు అదొక్కటే. వాళ్ళు ఫోను లాక్కునేలోపు బెన్ "అక్కా, నన్ను పట్టుకున్నారు" అని మాత్రం అనగలిగాడు. మేదో కిన్‌ని రెక్క పట్టుకుని పరుగున వచ్చింది.

"ఊరగాయ బాబూ అది, ఊరగాయ! నమ్మవా? ఇదిగో, సాక్ష్యం కావాలంటే ఈయన మొహం చూడు!" అని మొగుణ్ణి ముందుకు తోసింది.

కాపలావాడు ఆ మొహం చూశాడు. సైరన్ మోగింది.

ఆ తర్వాత ఎవరి మాటా ఎవరూ వినలేదు. తల నుంచి కాలి దాకా తెల్లటి తొడుగులు వేసుకున్నవాళ్ళు వచ్చి జాడీలని పొడుగాటి పటకారులతో ఎత్తి రోడ్డు మధ్యలో పెట్టారు. కిన్ చుట్టూ పసుపు తాడు కట్టారు. "ఊపిరి ఆడుతోందా? ఏం పీల్చారు?" అని అడిగారు. కిన్ "పీల్చలేదు, తిన్నాను" అన్నాడు. పెదాల వాపులో అది వాళ్ళకి మూలుగులా వినబడింది, ఇంకో తాడు కట్టారు.

అవతల రోడ్డు మీద ఏడాదికి వస్తున్న చుట్టాల కార్లన్నీ నిలిచిపోయాయి. వండి పళ్ళేల్లో తెస్తున్న కోడి చల్లారుతోంది. జపమాల వేళ దాటకూడదు. బట్టలు మార్చుకుని తిరిగొస్తున్న టాన్ ఎంగ్రా కారు దిగి, నల్లగౌను సవరించుకుని, రోడ్డు మీదే మొదలుపెట్టింది. నల్లబట్టల ఆడవాళ్ళంతా పూసలు పట్టుకుని ఆవిడ వెనక చేరారు. గేటు లోపలివాళ్ళకి అది ఊరేగింపులా, ధర్నాలా కనబడింది. మైకులో కేక పెట్టారు.

"గుంపుగా ఉన్నవాళ్ళు వెంటనే వెళ్ళిపోవాలి!"

"మా కొరకు ప్రార్థించండి" అన్నారు ఆడవాళ్ళు. వాళ్ళప్పటికి పునీతుల్ని ఒక్కొక్కర్నీ పేరుపెట్టి ప్రార్థించమని అడిగే చోటి దాకా వచ్చారు.

"ఇదే చివరి హెచ్చరిక!"

"మా కొరకు ప్రార్థించండి."

మైకువాడు ఏం చెయ్యాలో తోచక ఆపేశాడు.

అప్పుడొచ్చాడు నెరిసిన జుట్టు అధికారి. దీవిలో చాలా ఏళ్ళుగా ఉంటున్నవాడు, చర్చి విందుల్లో అందరికీ కనబడేవాడే. మేదోని కుర్చీలో కూర్చోబెట్టి, చెప్పమన్నాడు. ఆమె అమ్మ కోరికా, మామిడికాయా, ఉప్పూ, మిరపకాయలూ అన్నీ వరసగా చెప్పింది. ఆయన మొహంలో నవ్వొచ్చింది. తెల్ల తొడుగులవాళ్ళని తప్పుకోమన్నాడు.

"ఊరగాయకా ఇంత హంగామా! మా ఆవిడకి ప్రాణం ఇదంటే" అంటూ వంగి ఒక జాడీ మూత మీద చెయ్యి వేశాడు. "ఏ చెట్టు కాయ?"

మేదో కంచె మీదుగా వేలు చూపించింది. "అదిగో. ఆ కొన కనబడుతోందే, అది. మా అమ్మ పుట్టిన చోటు."

ఆయన చెయ్యి మూత మీదే ఆగిపోయింది. నవ్వు పోయింది. మెల్లగా చెయ్యి తీసి, ప్యాంటుకి తుడుచుకోబోయి, తుడుచుకోకుండా దూరంగా పట్టుకున్నాడు. వెనక్కి నడిచాడు. ఆయన్ని చూసి తెల్ల తొడుగులవాళ్ళూ వెనక్కి నడిచారు.

"ఎవరైనా తిన్నారా?" అన్నాడు.



"ఉప్పు చూడ్డానికి ఒక ముక్క" అంది మేదో.

"నేను... కొంచెం ఎక్కువే" అన్నాడు కిన్ తాడులోపలి నుంచి.

జపమాల ఆగింది. "నేను వైద్యం కోసం తిన్నాను" అంది ఎంగ్రా దూరం నుంచి. "రెండు సార్లు."

అధికారి గొంతు తగ్గించి చెప్పాడు. ఆ నేలలో విష రసాయనాల డ్రమ్ములు పూడ్చారు, తను పుట్టకముందు ఎప్పుడో. అవి తుప్పు పట్టి కారుతున్నాయి. అక్కడ పెరిగినదేదీ నోట్లో పెట్టుకోకూడదు. ముక్కా రెండు ముక్కలూ తింటే ఏమీ కాదు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆయన ఎవరి వైపూ చూడలేదు.

"మాకెవరూ చెప్పలేదే!" అంది మేదో.

"కంచె ఉంది కదమ్మా. లోపలికి ఎవరూ రారు కదా అని."

"నాకు చెప్పారక్కా" అన్నాడు బెన్ సన్నగా. "చేరిన రోజే అక్కడేమీ తినొద్దని మేస్త్రీ చెప్పాడు. నేను క్యారేజీ గురించనుకున్నాను. అందుకే వానలో కూడా గేటు బయటికొచ్చి తింటున్నాను."

"ఎన్నాళ్ళుగా గడ్డి కోస్తున్నావు అక్కడ?" అని అడిగాడు అధికారి.

"మా పెద్దమ్మాయి పుట్టినప్పటి నుంచీ. ఇప్పుడు దానికి పెళ్ళీడు."

అధికారి జాడీలకి దూరంగా నిలబడ్డ తెల్ల తొడుగులనీ చేతితొడుగులనీ చూశాడు. మెడ దగ్గర సాగిపోయిన బెన్ చొక్కా చూశాడు.

"మరి నా మొహం?" అన్నాడు కిన్.

"అది ఉత్త సొన. రేపటికి తగ్గిపోతుంది" అన్నాడాయన. "ఆ నేలలో ఉన్నది మొహం మీద కనపడదు."

మేదో ఆ చెట్టు కొననే చూస్తూ కూర్చుంది. ఏడాదిగా ప్రతి రాత్రీ తనని తను తిట్టుకుంది, ఒక్క ముక్క పెట్టలేకపోయిన కూతుర్ని అని. ఇప్పుడు తెలిసింది, ఆ ముక్క పెట్టకపోవడమే తను అమ్మకి చేసిన మేలని. అది తెలిశాక ఊరట కలగాలి. కలగలేదు, కడుపు మండింది. తొంభై ఏళ్ళ మనిషి ఏ చెట్టుకోసం ఏడుస్తూ పోయిందో, ఆ చెట్టుని వాళ్ళు ఆమెకి చెప్పకుండానే ఎప్పుడో చంపేశారు. ఇన్ని కాయలు కాస్తూ పచ్చగా నిలబడి ఉన్న చెట్టుని. ఊరిజనమంతా అది తినేలోగా వాళ్ళ నోళ్ళకి అడ్డం పడ్డవి కిన్ బుగ్గలు. సొనో, పెద్దలో ఎవరికి తెలుసు! అమ్మే అని మేదో ఆ క్షణంలో నమ్మింది. ఇప్పటికీ నమ్ముతుంది.

జాడీలని పసుపుపచ్చ పీపాలో వేసి మూత బిగించి లారీ ఎక్కించారు.

"ఎక్కడ పెడతారు?" అని అడిగింది మేదో.

అధికారి కంచె అవతలికి చూపించాడు. "అక్కడేనమ్మా. ఇలాంటివి పెట్టే చోటు అదే."

"చెప్పానా! చెట్టు దగ్గరికే చేరాలని!" అంది టాన్ ఎంగ్రా వెనక నుంచి.

లారీ బయల్దేరుతుంటే మేదో అడ్డంగా పరిగెత్తింది. "ఆపమనండి! ఇంజన్ ఆపి, దిగి, ఒక్క మాట అడిగి లోపల పెట్టమనండి!" డ్రైవరు చెవులకి డిప్పలున్నాయి. లారీ వెళ్ళిపోయింది. ఆమె కంచె తీగ పట్టుకుని తనే చెప్పింది. "అవ్వా, తాతా, అమ్మా. మీ కాయలు మీకే వస్తున్నాయి. వాళ్ళకి అడగడం తెలీదు, మన్నించకండి."

ఆ సాయంత్రం మేదో ఇంట బల్ల మీద, అమ్మ ఫొటో ఎదురుగా, కడిగిన గిన్నె ఒకటి ఖాళీగా పెట్టి ఉంది. మాట విన్నవాళ్ళంతా వచ్చారు, ఎవరూ ఆ గిన్నె గురించి అడగలేదు. టాన్ ఎంగ్రా బొప్పాయి ఊరగాయ పొద్దుటి నుంచీ ఆవిడ కారులోనే ఉందని తేలింది. మేదో తనే వెళ్ళి తెచ్చి బల్ల మీద పెట్టింది, బాగుందని కూడా అంది. కిన్ తినగలిగినంత తిన్నాడు. బెన్ మాత్రం పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు. అక్క వెళ్ళి పిలిచినా, ఇంకొంచెం కడుక్కుని వస్తానన్నాడు.

సరిగ్గా అడగలేదని బెన్‌ని ఊళ్ళో ఈనాటికీ తిడతారు. యుద్ధం నాటి నుంచీ ఆ నేల ముట్టుకునేముందు అడిగినవాడంటూ ఉంటే వాడొక్కడే, అదీ ఇంజన్ ఆపకుండా.